లోపలికి తెరుచుకునే తలుపు

ఆమెను అందరూ అంగుళాలమ్మ అనేవారు. ఇళ్ళలో ఏ గదిలో ఏది ఎక్కడ ఉండాలో చూసి అమర్చిపెట్టడం ఆమె పని. ఒక్క అంగుళం వృథాగా పోయినా సొంత సొమ్ము పోయినట్టు విలవిల్లాడేది. ఖాళీ గదిలో సుద్దముక్కతో నేలమీద మంచం, బీరువా, బల్ల గీసి, ఇంటివాళ్ళను ఆ గీతల మధ్య ఒక పూట తిరగమనేది. గీత తొక్కినవాళ్ళు రేపు మంచం కోడుకు మోకాలు కొట్టుకుంటారని నవ్వేది. ఎంత పెద్దమనుషులైనా లేని బీరువాను తప్పించుకుంటూ పక్కవాటుగా నడవాల్సిందే. గది దేనికో తేలాకే రంగుల మాట.

ఆమెకు పేరు తెచ్చింది నడవాలోని అల్మరా. బాత్రూం తలుపు నడవాలోకి తెరుచుకుంటే ఆ గోడంతా దండగ. దాన్ని తిప్పి లోపలికి తెరుచుకునేలా పెడితే గోడ పొడవునా అల్మరా వస్తుంది. ఈ ఉపాయం ముందు తన ఇంట్లోనే చేసి చూసుకుంది. తరవాత పదకొండు ఇళ్ళలో చేసింది.

ఒక ఆదివారం పొద్దున స్నానానికి వెళ్ళిన అత్తగారు ఎంతకీ బయటికి రాలేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగలేదు. పిలిస్తే పలకలేదు. అత్తగారికి గడియ పెట్టుకునే అలవాటు లేదు కనుక ఆమె తలుపు తోసింది. నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని ఆగిపోయింది. మళ్ళీ తోసింది, ఇంకోసారి తోసింది. లోపల మెత్తగా ఏదో అడ్డుపడుతోంది. అది అత్తగారి ఒళ్ళని తెలిసేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

తోస్తే ఏమవుతుందో, తోయకపోతే ఏమవుతుందో. ఇల్లంతా అంగుళాల లెక్కన ఎరిగిన మనిషికి ఆ నాలుగు వేళ్ళ లెక్క తేలలేదు. సందులోంచి చెయ్యి దూర్చింది. తడి జుట్టు తగిలింది. ముక్కు ఎక్కడుందో, ఊపిరి ఆడుతోందో లేదో అందలేదు. భర్త పరుగెత్తుకొచ్చి తలుపు బందులు ఊడదీద్దామన్నాడు. తలుపు తిప్పినప్పుడే బందులు కూడా లోపలివైపుకు వెళ్ళిపోయాయి. కింది వాటాలో ఉండే వడ్రంగి వచ్చి తలుపు పైభాగం రంపంతో కోసేదాకా ఆమె ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అత్తయ్యా, నేనిక్కడే ఉన్నా" అని అంటూనే ఉంది.

తుంటి ఎముక విరిగింది గానీ ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో ముసలావిడ కోడల్ని దగ్గరికి పిలిచింది.

"నీ మాటలన్నీ వినపడ్డాయమ్మాయ్. నోరు పెగల్లేదంతే. నువ్వు తలుపు తోసినప్పుడల్లా నా మెడ నొక్కుకుపోయింది."

తప్పు పట్టాలని అనలేదావిడ. అయినా ఆ మాట కోడల్ని వదల్లేదు. ఇన్నేళ్ళూ సుద్దగీతల మధ్య నడిచేవాళ్ళను చూసింది, కూర్చునేవాళ్ళను చూసింది. పడిపోయిన మనిషికి ఎంత చోటు కావాలో ఒక్కనాడూ గీయలేదు.

మిగతా పదకొండు తలుపులూ గుర్తుకొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని ఆమెకూ తెలుసు. కానీ అక్కడ ఇంకా ఎవరి చేతులూ కాలలేదు. మర్నాడే మొదటి ఇంటికి వెళ్ళింది. అక్కడ ఉండేది ఇద్దరే, ఉద్యోగం చాలించిన మాస్టారూ ఆయన భార్యా. జరిగిందంతా దాచకుండా చెప్పింది. అల్మరా తీసేసి తలుపు మళ్ళీ బయటికి తిప్పిస్తానని, వడ్రంగిని తనే తెస్తానని బతిమాలింది. భార్య అల్మరా తలుపు నిమురుతూ, ఇల్లు ఇప్పటికి ఒక దారికొచ్చిందని, మళ్ళీ ఆ దుమ్మూ ధూళీ పడలేమని చెప్పింది. మాస్టారు నవ్వారు.

"మీ ఇంట్లో జరిగిందని మా ఇంట్లోనూ జరగాలా అమ్మా? అప్పుడు మంచిదని చెప్పింది మీరే, ఇప్పుడు వద్దంటున్నదీ మీరే. ఏ మాట నమ్మమంటారు?"

మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళారు. తలుపు మూసుకుంది, గడియ పడింది. భార్య కూర్చోమని కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. నీళ్ళ చప్పుడు వింటూ, ఆయన బయటికి వచ్చేదాకా ఆ తలుపు పక్కనే నిలబడింది. ఆ వేళకు తక్కిన పది ఇళ్ళలో ఎవరు స్నానానికి వెళ్ళారో ఆమెకు తెలియదు.