బ్రాట్షె కడుపులో పేరు

జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్ ఊళ్లో ఇంటికో వయొలిన్లు చేసే పనివాడు, అతని గురించి గొప్పలు చెప్పడానికి ఓ కూతురు ఉంటారు. ఆ గొప్పల్లో రైన్‌హిల్డ్‌ను మించినవాళ్లు లేరు. అరవై దాటినా సరే, "మా నాన్న చేసిన బ్రాట్షె" అని మొదలుపెట్టిందంటే పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందే.

బ్రాట్షె అంటే వయొలిన్‌కి అక్కలాంటిది. కాస్త ఒళ్లు చేసింది, గొంతు బొంగురు. ఊరి మ్యూజియంలో వాద్యాలకు చీటీలు రాసే పని రైన్‌హిల్డ్‌ది. శుక్రవారానికి నాన్న బ్రాట్షె అద్దాల బీరువాలోకి ఎక్కాలి, పక్కన నాన్న పేరు ఉండాలి. ఆమెకు అంతకన్నా కావలసింది లేదు.

చీటీలో మాట పుట్టుక గడి చకచకా నింపేసింది. ఇటలీవాళ్లు దాన్ని "చేతి వయోలా" అనేవాళ్లు. జర్మన్లు వయోలాని వదిలేసి చేతిని పట్టుకున్నారు, వాళ్ల "బ్రాచో" ఇక్కడ బ్రాట్షె అయింది. ఇటలీలో చెయ్యి పుంలింగం, ఇక్కడికొచ్చాక వాద్యం స్త్రీలింగం. అదేం మాయో ఆమెకు ఎప్పుడూ అంతుపట్టలేదు. "చేసినవారు" గడిలో నాన్న పేరు ఓస్వాల్ట్ అని రాయబోతుంటే, పగులు అతకడానికి బ్రాట్షె పైచెక్క ఊడదీసిన మరమ్మతుల పిల్ల సిల్కె కేకేసింది.

"రైన్‌హిల్డ్ గారూ, ఒక్కసారి రండి. లీనా ఎవరండీ?"

"మా అమ్మ. ఏం?"

వాద్యం మీద బయటికి కనబడే చీటీ దాన్ని అమ్మే వర్తకుడిది. అందుకే అక్కడి పనివాళ్లు పైచెక్క మూసేముందు లోపల పెన్సిలుతో తమ పేరు రాసుకుంటారు. దీపం వెలుగులో ఉంది: "లీనా చేసింది. 1931."

రైన్‌హిల్డ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. చేతిరాత అమ్మదే.

"ఎవరో అల్లరికి రాసుంటారే."

"మొదటి జిగురు ఇంకా అలాగే ఉందండీ. దీన్ని విప్పింది నేనే మొదలు."

అమ్మా? ఆదివారం బంగాళాదుంప ఉండలు చేస్తుంటే అమ్మ గోళ్లు ఎర్రగా, గోధుమరంగుగా కనిపించేవి. "ఉల్లితొక్కల మరకలే" అనేది. వార్నిష్ రంగు ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. రైన్‌హిల్డ్ మాత్రం ఉల్లితొక్కలే నమ్మింది. నాన్నకు కాఫీ ఇవ్వడానికి పనిగదిలోకి వెళ్లిన మనిషి సాయంత్రందాకా ఎందుకు వచ్చేది కాదో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు కోపం, సిగ్గు, దుఃఖం కలగాపులగంగా ముంచుకొచ్చాయి. ఎవరి మీదో మాత్రం తేలలేదు.

"మరి మా నాన్న రోజంతా ఏం చేసేవాడే?"

"నన్నడుగుతారేంటండీ! జిగురు కాచేవారేమో."

రైన్‌హిల్డ్ నవ్వబోయి ఏడ్చేసింది. ముక్కు చీదుకుని "చేసినవారు" గడిలో "లీనా" అని రాసింది. ఆ పక్క గడి, పుట్టిన ఊరు. నాన్నదైతే ఠక్కున రాసేది. బ్రాట్షె అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిన మనిషి, అమ్మ ఎక్కడ పుట్టిందో ఎప్పుడూ అడగలేదు.