మొదటి దెబ్బ ఖాళీ

2010 జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చీరల కొట్టు పై అంతస్తులో ఉన్న ఒక ఆడియో స్టూడియోలో చీఫ్ రికార్డిస్టుగా చేరాను. చీఫ్ అన్న మాటే గానీ నా కింద ఎవరూ లేరు, పైన మాత్రం యజమాని ఉండేవాడు. మాది తెనాలి పక్క. అప్పటికి నా సర్వీసు ఇరవై ఆరేళ్లు. భక్తి గీతాలు, కాలేజీల ప్రకటనలు, తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఉద్యమ పాటలు, ఏవి వచ్చినా నా చేతి మీదుగానే వెళ్లేవి.

రికార్డిస్టు అంటే మీట నొక్కేవాడనుకుంటారు జనం. అసలు పని గాయకుడు ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. తాళం తప్పిన చోట మాటను కంప్యూటర్లో ముందుకో వెనక్కో జరుపుతాం. ఊపిరి చప్పుడు కోసేస్తాం. ఈ సంగతి గాయకుడికి చెప్పం, చెబితే చిన్నబుచ్చుకుంటాడు. చెప్పకుండా దిద్దడం మా వృత్తిలో మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

మరుసటి ఏడాది వానాకాలంలో నర్సింహ అనే ఆయన గిటారు పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. పోచంపల్లి నేత కుటుంబం, మీర్‌పేట్‌లో కాపురం. వయసులో ఉండగా ప్రయాణికుల ఓడలో గదులు ఊడ్చే ఉద్యోగం చేశాడట. ఆ ఓడ బ్యాండులో ఉన్న ఒక జమైకా మనిషి దగ్గర గిటారూ, వాళ్ల రెగె పాటల పద్ధతీ నేర్చుకుని వచ్చి, తెలుగులో రెగె కట్టి పాడేవాడు. నాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఆ పని చేసింది ఆయనొక్కడే. అంతకుముందు రెండు ఆల్బములు చేస్తే చుట్టాలు తప్ప ఎవరూ వినలేదని తనే నవ్వుతూ చెప్పాడు.

మూడోది ఇదే, ఆఖరిదీ ఇదే అని చెప్పింది మాత్రం ఆయన భార్య యాదమ్మ. గొంతులో గడ్డ. "గొంతు పెట్టె తీసేస్తరంట సార్. వచ్చే గురువారం ఆపరేషన్. గా లోపల్నే మొత్తం అయిపోవాలె" అంది. మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడనీ, ఈయనేమో పాడతానంటున్నాడనీ, ఎట్ల ఆపాలో తెలుస్తలేదనీ నాకే ఫిర్యాదు చేసింది. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని నాలుగు రోజులూ గోడవారన కూర్చుంది.

ఆరు పాటలు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఊరి బస్సు కోసం నిలబడి, నిలబడే కునుకు తీసే ముసలామె మీద ఒకటి. చైతన్యపురి హాస్టల్ డాబా మీద గాలికి ఊగే లుంగీల మీద ఒకటి. ఓడలో గోడకున్న ప్రపంచ పటం ముందు నిలబడి, తెలంగాణ ఎక్కడని తోటివాళ్లు అడిగితే చూపించలేక అరచెయ్యి మొత్తం పటం మీద పెట్టేసిన మనిషి మీద ఒకటి. ఉద్యమ పాటలంటే అప్పట్లో డప్పు అదిరిపోవాలి. ఈయన పాటలు తడి బట్టలో గాలి దూరినట్టు మెల్లగా ఊగేవి. వింటుంటే కళ్లు మూసుకుపోయేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక నడవాలో నాపరాయి మీద పడుకుంటే వచ్చే మగత ఉంటుందే, అది. నాకు భలే నచ్చాయి, ఒక్క లోపం తప్ప. మనిషి ప్రతిసారీ ఆలస్యంగా అందుకుంటున్నాడు.

పాపం, జబ్బు మనిషి, తాళం నిలవడం లేదనుకున్నాను. శనివారం వాళ్లు వెళ్లాక ఆరో పాట ముందేసుకున్నాను. అది మగ్గం పాట, వాళ్ల నాన్న మీద కట్టింది, ఆల్బమ్‌కి ప్రాణం. తాళంలో మొదటి దెబ్బ మీద డోలు వేశాను. గిటారును లాక్కొచ్చి దాని పక్కన నిలబెట్టాను. మాటలు జరిపాను, గొంతు బొంగురు తగ్గించాను, ఊపిర్లు కోశాను. డిస్కులో జాగా లేదని దిద్దినదాన్ని అసలు దాని మీదే సేవ్ చేశాను. మరో కాపీ లేదు. ఇరవై ఏడేళ్ల సర్వీసు, బుద్ధి ఏ గడ్డి తిన్నదో!

సోమవారం వినిపించాను. మెచ్చుకుంటాడని ఆయన మొహంలోకే చూస్తున్నాను. పాట అయ్యాక జీరపోయిన గొంతుతో నెమ్మదిగా చెప్పాడు. రెగెలో నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీగా వదులుతారట. బరువంతా మూడోదాని మీద. గిటారు రెండోదాని మీదా నాలుగోదాని మీదా పడుతుందట. "మగ్గం గూడ గంతే సార్. కాలు తొక్కితే చప్పుడు రాదు. నూలు మోసే నాడె ఉరికినంక చెక్క దడ్‌న పడతది. మా నాయిన ఆ చప్పుడు లేని జాగలనే ఊపిరి తీసుకునేటోడు." నా మొహం చూసి జాలిపడ్డాడేమో, నవ్వాడు. "మీ ఆంధ్రోళ్లకు ఖాళీ జాగ కనవడితే ఆగదు సార్. ప్లాట్ చేసేస్తరు. తాళంల గూడనా?"

నవ్వాను గానీ నా చెవులు వేడెక్కాయి. అసలుది లేదని చెప్పక తప్పలేదు. యాదమ్మ లేచి నిలబడింది. "ఏంది సార్, గట్లెట్ల చేస్తరు? ఆయనకు ఇగ గొంతేడిది?" అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మంగళవారం పరీక్షల కోసం దవాఖానకు వెళ్లారు. మళ్లీ పాడించాలంటే మిగిలింది బుధవారం ఒక్కటే, ఆ సాయంత్రమే ఆయన ఆస్పత్రిలో చేరాలి. బుధవారం తెలంగాణ బంద్. మా యజమానిది గుంటూరు. "షట్టర్ లేపితే అద్దాలు మిగలవండీ, మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి, తాళాలు మాత్రం ఇవ్వండి అన్నాను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు. కాసేపు గొణిగి, వెనక మెట్ల తాళం చేతిలో పెట్టాడు.

బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్‌ని చూడాలి. బస్సు లేదు, హారన్ లేదు. మామూలు రోజుల్లో రెండు హారన్ల మధ్య దొరికినంత పాట రికార్డు చేసేవాణ్ణి. ఆ రోజు రోడ్డు మీద పావురాలు నడుస్తున్నాయి. ఎండ కూడా చప్పుడు చెయ్యకుండా కాస్తున్నట్టుంది. కిటికీ దగ్గర నిలబడి, వస్తారా రారా అని చూస్తూ నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలియకుండా పోయాను. పదకొండింటికి కనిపించారు. ఆటోలు లేక మీర్‌పేట్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా నడిచే వచ్చారు. గిటారు యాదమ్మ భుజాన ఉంది. దారిలో ఊరేగింపు వాళ్లు ఆపి, సంగతి విని, మజ్జిగ ప్యాకెట్లిచ్చి పంపారట.

ఒక్క టేకే పాడగలనని వేలు చూపించాడు. ఒక టేకంటే మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఒకసారి పాడటం. నేను మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి దెబ్బ ఖాళీగా వెళ్లింది. ఈసారి నాకది వినబడింది. మగ్గం గుంటలో కాలు తొక్కినట్టు, చప్పుడు లేకుండా బరువు పడింది. రెండు చరణాలు బొంగురుగానే నడిచాయి. మూడో చరణంలో గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. గిటారు మాత్రం ఆపలేదు. ఎక్కడో కొత్తపేట వైపు నుంచి నినాదాలు సన్నగా వినిపిస్తున్నాయి. చరణమంతా అలాగే వాయించి, చివరి పల్లవి గుసగుసగా అనేసి గిటారు దించాడు.

ఆ ఒక్క చరణం మళ్లీ తీసుకుందామా అని అడగబోయాను. యాదమ్మ అడ్డుపడింది. "ఇగ లేదు సార్. గంతే." శనివారం దిద్దిన పాట నుంచి ఆ చరణం తెచ్చి అతికించొచ్చు. నా చేతికది పది నిమిషాల పని. చెయ్యలేదు. వాళ్లు గుమ్మం దాటకముందే మూడు కాపీలు తీశాను.

రెండు నెలల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఆయన మెడకు తెల్ల గుడ్డ, చేతిలో పలకా బలపం. ఆరు పాటలూ వరుసగా వినిపించాను. మగ్గం పాట మూడో చరణం దగ్గర గిటారొక్కటే మిగిలినప్పుడు, గోడవారన కూర్చున్న యాదమ్మ ఎవరూ అడగకుండానే, ఎటో చూస్తూ ఆ మాటలు మెల్లగా పాడింది. నర్సింహ కళ్లు మూసుకుని తల ఊపుతూ విన్నాడు. పాట అయ్యాక పలక మీద రాసి నాకు చూపించాడు: "ఇంట్ల గూడ గిట్లనే పాడతది."

ఆ ఆల్బమ్ పెద్దగా ఎవరికీ చేరలేదు. నేను రిటైరయ్యేదాకా రెండు పద్ధతులు పాటించాను. అసలుదానికి కాపీ తియ్యనిదే దేన్నీ ముట్టుకోలేదు. ఖాళీ కనబడితే, అది ఎవరికోసం వదిలారో అడగనిదే నింపలేదు. మొదటిది మా వృత్తిలో అందరికీ తెలిసిందే, నేనే ఆ శనివారం మరిచిపోయాను. రెండోది యాదమ్మ ఆ చరణం పాడేదాకా నాకు తెలియదు.