మైకు రిక్షాలో అమ్మ ఆనవాళ్లు

1985 ఫిబ్రవరి 26, మంగళవారం, ఉదయం 6 గంటల 20 నిమిషాలు. బ్రాడీపేటలో మేము అద్దెకుంటున్న ఇంటి వీధి తలుపు గడియ తీసి ఉంది. అమ్మ మంచం ఖాళీగా ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్లు. రెండేళ్లుగా మతి నిలవడం లేదు. మా వీధి పేరు అడిగితే చెప్పలేని స్థితి.

ఎనిమిదిన్నరకల్లా నేనూ నా భార్యా రైల్వే స్టేషను, బస్టాండు, పెద్దాసుపత్రి చూసి వచ్చాము. తొమ్మిదింటికి కాగితం ముందు కూర్చున్నాను. పదిహేడేళ్లుగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో ప్రజలకు ప్రకటనలు రాయడమే నా ఉద్యోగం. నా చిత్తుప్రతిలో పై అధికారులు అక్షరం మార్చేవారు కారు. ఆ పూట నాలుగు చిత్తులు చించి, ఐదోది ఖాయం చేశాను.

"కనబడుటలేదు. బ్రాడీపేట వాస్తవ్యులు, గౌరవనీయ కుటుంబమునకు చెందిన వృద్ధ మహిళ. వయస్సు డెబ్బది. చామనచాయ, తెల్లని చీర, స్వల్ప మతిమరుపు. ఆచూకీ తెలిసినవారు దయతో తెలియజేయగలరు."

బుధవారం అది పత్రికలో వచ్చింది. రెండు సినిమా హాళ్లలో విశ్రాంతి సమయంలో స్లయిడు వేశారు. సినిమాల ప్రచారం చేసే మైకు రిక్షా అతను నల్లపాడు రోడ్డు పొడుగునా ఆ రోజు నాలుగుసార్లు చదివాడు. గురువారం సాయంత్రానికి మూడు కబుర్లు వచ్చాయి. మూడూ వేరే ముసలమ్మలు.

ఐదు గంటలకు రిక్షా అతను ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, ఏమనుకోబాకండి. ఇది ఎవరికండీ మనం చెప్పేది?"

"ప్రజలకు."

"ప్రజలంటే రోడ్డు మీద ఎవరుంటే వాళ్లే గదండీ. ఈ నెలల్లో మిరపకాయల కల్లాలకి పొయ్యే ఆడోళ్లే అందరూ. మా వైపు ముసలమ్మలున్నారు గానీ వృద్ధ మహిళలు లేరండి. మీ కాగితం చదివితే ఎవరో కారు దిగినామె అనుకుంటన్నారు." కాగితం నాకు చూపించి, "అమ్మగారు ఏం పని చేసేదండీ?" అన్నాడు.

లోపలి నుంచి నా భార్య చెప్పింది. "మిరపకాయల్లో తాలు ఏరేవారు. ముప్ఫై ఏళ్లు."

రంగు చెడిన తాలుకాయలను మంచికాయల నుంచి వేరుచేసే కూలి అది. ఆ కూలితోనే నన్ను చదివించింది. అయితే మాకు పొలం ఉండేదని నేను ఆఫీసులోనూ చర్చిలోనూ చెప్పి ఉన్నాను.

"అది చెప్పాలండి మైకులో," అన్నాడతను.

"ఊళ్లలో మాత్రమే చదువుతావా? బ్రాడీపేటలో వద్దు."

"మైకన్నాక ఇక్కడ వినబడాలి, అక్కడ వినబడకూడదంటే ఎట్టా సార్?"

పాత ప్రకటనే చదవమని పంపేశాను.

శుక్రవారం బావులు చూడడం మొదలుపెట్టాను. పదకొండు చూశాను. పదకొండోదాని గట్టు పట్టుకుని వంగినవాణ్ణి లేవలేకపోయాను. నీళ్లలో కనిపించినది కొబ్బరి మట్ట. అది కొబ్బరి మట్ట అని తెలిశాక కూడా పన్నెండో బావికి వెళ్లలేదు. ఆ రోజు డైరీలో బావుల సంఖ్య తప్ప మరేమీ రాయలేకపోయాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి రిక్షా అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. అమ్మ ఏరే తీరు నేను చెప్పాను. ప్రకటన అతను చెప్పాడు, నేను రాశాను.

"కల్లాల్లో తాలు ఏరే తల్లులారా. మీ పక్కన కొత్తగా ఒక ముసలమ్మ వచ్చి కూర్చుందా? ఎవరూ అడక్కుండానే ఏరుతుంది. తాలు ఒళ్లో పోసుకుంటుంది. మీలాగే ఏరి కొడుకుని చదివించింది. ఆ కొడుకు బ్రాడీపేటలో ఏడుస్తా ఉన్నాడు."

మొదట బ్రాడీపేటలోనే చదవమన్నాను. తర్వాత నల్లపాడు రోడ్డుకు సాగాడు. మధ్యాహ్నం రెండింటికి, అతని దగ్గర ఇల్లు కనుక్కుని ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. చీరల నిండా మిరప ఘాటు.

"మంగళారం మధ్యాన్నం నుంచి మాతోనే ఉందయ్యా," అంది పెద్దామె. "మా సద్దే పెట్టాం. బుధారం మైకు విన్నాం. ఎవరో అయ్యగారి తల్లంట అనుకున్నాం. ఈమె మా ఇద్దరి మధ్యనే కూర్చుని ఏరతా ఉంది."

"చెయ్యి మాకంటే జోరు," అంది చిన్నామె. "నువ్వుంటే మాకు కూలి దొరకదే ముసిలీ అని నవ్వుకున్నాం కూడా."

"ఇప్పుడెక్కడ?"

"నిన్న సాయంత్రం మా కల్లం అయిపోయింది. అద్దంకి వైపు కల్లాలకి కూలీల మేస్త్రీ ట్రాక్టరు తెచ్చాడు. మేం పోలేదు, మిగతావాళ్లతో పాటు ఎక్కింది. మీ అమ్మ అని తెలిస్తే ఎక్కనిస్తామా అయ్యా?"

ఆదివారం తెల్లవారుజామున పెద్దామెను వెంటబెట్టుకుని బస్సెక్కాను. అద్దంకి వైపు మూడో కల్లంలో, 11 గంటల 50 నిమిషాలకు, అమ్మ కనిపించింది. ఎర్రటి కుప్ప అంచున ఎండలో కూర్చుని ఏరుతున్నది. పాదాలు పగిలి రక్తం కట్టాయి. పక్కన కూర్చుని "అమ్మా" అన్నాను. తలెత్తి నా తెల్లచొక్కా చూసి, ఒళ్లోని తాలు జారకుండా చెంగు పట్టుకుని, లేచి నిలబడబోయింది.

"బస్తా నిండలేదు అయ్యగారండీ. పొద్దుగూకే లోపల నింపేస్తాను. పంపెయ్యబాకండి."

పోయినవి: ఆరు రోజులు. అందులో గురువారం ఐదు నుంచి శనివారం తొమ్మిది వరకు నలభై గంటలు నేను పోగొట్టినవి. అమ్మ ఎడమ చెవి కమ్మ. నన్ను పేరుపెట్టి పిలవడం. ఆ తర్వాత ఒక్కసారీ పిలవలేదు.

మిగిలినవి: అమ్మ, ఆమె బతికిన మరో నూట అరవై ఏడు రోజులు. రెండో ప్రకటన రాసుకున్న కాగితం.