కుండలో స్పీకరు

మా పల్లె చర్చికి మైకు సెట్టు చేసింది నేనే. కొన్నది కాదు, చేసింది! మార్కాపురం నుంచి ఆంప్లిఫయరు బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి ఖాళీ నూనె డబ్బాలో బిగించినా. బేసు బాగా రావాలని స్పీకరును కుండ మూతికి పెట్టినా. అప్పట్లో మా తట్టు కుర్రోళ్ళందరికీ అదే పిచ్చి, కుండ లేని స్పీకరంటే ఉప్పు లేని కూర. మా ఆవిడ మాత్రం, "నీళ్ళకని కంభం నుంచి మోసుకొచ్చిన కుండకు వైరు కోసం చిల్లు పెడతావా, నీ పిచ్చి తగలెయ్య!" అని తిట్టిపోసింది.

సెట్టు పలికేది గానీ, దాని బుద్ధి దానిది. పాస్టరుగారు వాక్యం చెప్తా ఊపందుకునే సరికి గుర్రుమని ఆగిపోయేది. డబ్బా ఎడమ పక్క ఒక్కటి చరిస్తే మళ్ళా లేసేది. ఎక్కడ చరచాలో, ఎంత గట్టిగా చరచాలో నాకొక్కడికే తెలుసు. అట్ల రెండు మూడు సార్లు ఆగినాక ఆయనే విసిగి ఆమెన్ అని ముగించేవారు. చరిచేవాణ్ణి గదా, ముందర నాకొక కుర్చీ. పెద్దలంతా చాపల మీద, నేను కుర్చీలో! ఆ కుర్చీ కోసం ఆదివారం పూట పెళ్ళిళ్ళకు గూడా పోలేదు.

పోయినేడు కుర్రోళ్ళు గిద్దలూరు నుంచి చక్రాల స్పీకరు తెచ్చినారు. కుండ లేదు, చరిచేది లేదు, మీట నొక్కితే చాలు. ప్రతి ఊర్లో అదే డబ్బా, అదే రంగు. నా సెట్టు మూలకు పోయింది, నేను వెనక చాప మీదికి పోయినా. కడుపు మండిపోయింది. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఒక్కసారి దాన్ని ఆపు" అని ప్రార్థన చేసినా. పక్కనోళ్ళు నా భక్తికి మురిసిపోయినారు.

అది ఆగితేనా! పాస్టరుగారు ముగింపు దాకా వచ్చినట్టే వచ్చి మళ్ళా మొదటికి పోయినారు. నా పక్కన ముసలవ్వ మోకాళ్ళు రుద్దుకుంటా నన్ను గోకింది.

"నాయనా, నీ డబ్బా ఏమైంది?"

"దాని కాలం అయిపోయింది లే అవ్వా," అన్నా. ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యో, అదుంటే ఈపాటికి ఇంట్లో అన్నం తింటా ఉండేవాళ్ళం గదరా! మళ్ళా తెచ్చి పెట్టు."

ముందున్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి, అవునన్నట్టు తలకాయలు ఊపినారు. అది ఆగకుండా పలకాలని ఇన్నేళ్ళు నేను తన్నుకుంటా ఉంటే, వీళ్ళు ఎప్పుడాగుతుందా అని కాచుకోనుండారు!