దుప్పుల నడుమ సాయిలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేవాణ్ని. పాల్వంచలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఇంట్లో మనిషి పోయి, ఒక్క ఫోటో కూడా లేకపోతే, పాడె కట్టకముందే నాకు కబురొచ్చేది. అన్ని శవాల ముందు నిలబడ్డవాడికి ఇంకేం భయముంటుంది?

నాకున్న పిచ్చి ఒక్కటే, అడవి జంతువుల ఫోటోలు. దమ్మపేట అవతల అడవిలో ఒక కుంట ఉంది. ఎండాకాలం రాత్రిళ్లు దుప్పులు నీళ్లకు వచ్చేవి. అడవి వాచరు సాయిలు నన్ను అక్కడి మంచె మీద కూర్చోబెట్టేవాడు. ఫ్లాష్ అంటే అతనికి గిట్టదు.

"తాగేటప్పుడు కొట్టకన్నా. కండ్లు చీకట్లయితయ్, ఎటు ఉరకాల్నో వాటికి తెల్వదు. తలకాయ లేపినంక కొట్టు," అనేవాడు. నేనూ అట్లాగే చేసేవాణ్ని. అతన్ని మాత్రం ఎప్పుడూ తీయలేదు. తీస్తానంటే, "నన్నేం తీస్తవ్, నేనేమన్న దుప్పినా?" అని తప్పించుకునేవాడు.

ఎనభైల చివర్లో ఒక వానాకాలం, డ్యూటీకని అడవిలోకి పోయిన సాయిలు తిరిగి రాలేదు. ఎంత వెతికినా జాడ దొరకలేదు. పోలీసులు ఫోటో అడుగుతున్నారని అతని భార్య లచ్చమ్మ మా స్టూడియోకొచ్చి ఏడ్చింది. నా దగ్గర ఎన్నో దుప్పులున్నాయి, సాయిలు లేడు.

ఆ తర్వాతి ఎండాకాలం మా బావమరిదిని తోడు తీసుకుని మళ్లీ కుంటకు వెళ్లాను. దుప్పులు వచ్చి, తాగి, తలలెత్తాయి. ఒక్కసారే ఫ్లాష్ కొట్టాను. ఆ వెలుగులో మా ఇద్దరికీ కనిపించినవి దుప్పులే.

డార్క్‌రూములో కాగితం మీద బొమ్మ తేలింది. దుప్పుల నడుమ సాయిలు నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాల. పక్కనున్న దుప్పి బెదరనైనా లేదు. రీలు కొత్తది, నేనే విప్పి వేసుకున్నాను. పాత బొమ్మేదో కలిసిందనుకుందామంటే, అతన్ని నేనెన్నడూ తీసిందే లేదు. అతని కళ్లు మాత్రం ఫ్లాష్ పడ్డ దుప్పుల కళ్లలాగే తెల్లగా వెలుగుతున్నాయి. ఎన్ని పెళ్లిళ్లు తీశానో, మనిషి కళ్లు అట్లా మెరవడం చూడలేదు.

లచ్చమ్మ జడుసుకుంటుందని సన్న కుంచెతో నల్లగుడ్లు దిద్ది ఇచ్చాను. శవాల ఫోటోల్లో మూసిన కళ్లకు గుడ్లు దిద్దడం మాకు అలవాటైన పనే. "బతికే ఉన్నడన్నా," అంటూ ఆమె ఆ ఫోటోను గుండెకు హత్తుకుంది. ఆమె ముఖం అంత వెలగడం నేను ఆ ఏడాదిలో అదే మొదటిసారి చూడటం.

ఆ ఫోటో పట్టుకుని ఊరివాళ్లు కుంట చుట్టూ వెతికారు. పొదల్లో ఎముకలు, చిరిగిన ఖాకీ చొక్కా దొరికాయి. నెలలు దాటాయని, వానాకాలంలోనే పోయి ఉంటాడని డాక్టరు అన్నాడు. లచ్చమ్మ అత్తింటివాళ్లు కర్మ చేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఎండాకాలం తీసిన ఫోటోలో తననే చూస్తున్న మనిషి వానాకాలంలో ఎట్ల సచ్చిపోతడని కొట్లాడింది. బొట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఒక సాయంత్రం ఆ ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, సచ్చినోళ్లకు మీరు కండ్లు గీస్తరంట. మా బావ చెప్పిండు. గీ కండ్లు నువ్వు గీసినవా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అవ్ చెల్లె," అన్నాను.

"తుడువు."

తడి దూదితో తుడిచాను. తెల్లటి కళ్లు బయటపడ్డాయి. ఆమె చాలాసేపు చూసింది. ఏడవలేదు.

సాయిలు ఆ ఫోటోలోకి ఎట్లా వచ్చాడో నాకు తెలియదు. నాకంటే చదువుకున్నవాళ్లను అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. దయ్యమనడానికి ఇప్పటికీ మనసొప్పదు, కాదనడానికి ధైర్యం చాలదు. ఆ సాయంత్రం లచ్చమ్మ నా చేతిలోంచి నల్లరంగు అంటిన ఆ దూది తీసుకుని, దానితోనే బొట్టు తుడుచుకుంది.