చూస్తే మాయమయ్యే తప్పు

మా ఆయన మల్లేశ్వరరావు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాను. అలాంటి మనిషిని పట్టుకుని ఆ మిల్లు యజమాని సేఠ్ దొంగ అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా ఆయన రైల్వే ఖలాసీ కొడుకు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో పాతుకుపోయిన కుటుంబం. టైపు నేర్చాడు, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చాడు, టాటీబంధ్ దగ్గర ఒక ఇనుప మిల్లులో లారీలు తూచే కాటా గదిలో కూర్చున్నాడు. తొంభై ఎనిమిది వేసవిలో ఆ కంప్యూటర్‌కి మాయరోగం పట్టుకుంది. లారీ కదలకుండా నిలబడి ఉన్నా తెర మీద బరువు పైకీ కిందికీ గెంతేది. సేఠ్‌ని పిలుచుకొస్తే బుద్ధిమంతురాలిలా నిలిచిపోయేది.

"డ్రైవర్లతో కుమ్మక్కై బరువులు మారుస్తున్నావు" అన్నాడు సేఠ్. భిలాయ్ నుంచి ఇంజనీరు వస్తాడు, అతనికీ కనపడకపోతే పని మానుకోమన్నాడు. పని పోతే పోయింది. దొంగ అనే పేరు మోస్తున్నవాడిని ఇంకే కాటా మీద కూర్చోబెడతారు? ఆయనకి నిద్ర పట్టేది కాదు. "నాను తప్పు సెయ్యలేదే భ్రమరాంబా" అని పళ్లు తోముకుంటూ కూడా అనేవాడు. నాకు తెలీదూ? కానీ నేను నమ్మితే ఏం లాభం!

ఇంజనీరు వచ్చే రోజు టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లాడు. నేనే పట్టుకుని టెంపో ఎక్కాను. మనసు ఒకచోట నిలవడం లేదు.

నేను వెళ్లేసరికి గదిలో సేఠ్, ఇంజనీరు భీమారావు, గోడకి ఆనుకుని మా ఆయన. కాటా మీద లారీ ఉంది. అంకె రాయిలా కదలడం లేదు.

భీమారావు మన తెలుగువాడే. "మా ప్రోగ్రామర్లు దీన్ని హైజెన్‌బగ్ అంటారండీ" అన్నాడు. "వెతకబోతే మాయమయ్యే తప్పు. చూడ్డానికి మనం వచ్చినప్పుడు ఏదో ఒకటి మారిపోతుంది, అందుకే మన ముందు రాదు. లేదని మాత్రం కాదు."

అదే ముక్క హిందీలో సేఠ్‌కి చెప్పాడు. "పేరు పెట్టేస్తే తప్పు ఉన్నట్టేనా? రేపట్నుంచి రావద్దు" అన్నాడు సేఠ్.

మే నెల ఎండ, రేకుల గది, మా ఆయన చొక్కా తడిసి ముద్దై ఉంది. "ఏటండీ, ఈ ఉడుకులో కూలరు ఆపీసినారేటి? సచ్చిపోతారా?" అని విసురుగా వెళ్లి స్విచ్ వేశాను.

"బంద్ చెయ్, బంద్ చెయ్!" అని గుమ్మం దగ్గరి కాపలావాడు అరిచాడు. కూలర్ రొదలో సేఠ్ మాట వినపడదనీ, తెల్లబట్టల మీద నీళ్లు చిందుతాయనీ, ఆయన కారు గేటులోకి రాగానే ఆపెయ్యడం అక్కడి మర్యాదట. చేతులే ఆపేస్తాయి, ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

తెర మీద అంకె గెంతింది.

భీమారావు కూలర్ ఆపాడు. అంకె నిలిచింది. మళ్లీ వేశాడు. మళ్లీ గెంతింది. "దీని మోటారే అంకెని గెంతిస్తోంది!" అన్నాడు.

"దేఖియే సేఠ్‌జీ, దేఖియే!" అంటూ మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. యంత్రం చెడిందని అంత సంతోషపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

సేఠ్ ఒక్క మంచి మాటైనా అనలేదు. కూలర్ పీకించేసి, రేపు వేళకి రమ్మని వెళ్లిపోయాడు.

సాయంత్రం టెంపోలో నేను తిట్లు లంకించుకున్నాను. మా ఆయన వినడం లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అందరూ సూసినారు కదే? సేఠ్ కూడా సూసినాడు కదా?" అని ఇంటిదాకా అడుగుతూనే ఉన్నాడు.