నాలుగో బల్ల మీది వీపు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. మాది కొనకనమిట్ల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. చేలో ఏదో కనిపించిందని ఎవరన్నా చెబితే, జ్వరం ఉందేమో చూసుకోమనేదాన్ని. ఫిజియోథెరపీ చదివాక ఆ నవ్వు ఇంకా పెరిగింది. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక మార్కాపురంలో కైరోప్రాక్టిక్ శిక్షణలో చేరాను. వెన్నుపూసలను చేత్తో తడిమి, పట్టేసిన చోట ఒక్క నొక్కుతో సర్దే విద్య అది. విదేశంలో నేర్చుకుని వచ్చిన ఒక మేడమ్, మూతపడిన పలకల ఫ్యాక్టరీ హాలు అద్దెకు తీసుకుని నేర్పేవారు. మేం ఐదుగురం.

ఎముకలు టక్కుమనిపించడమే నేర్పుతారని బయటివాళ్లు అనుకుంటారు. మొదటి రెండు నెలలూ ఆ ఊసే లేదు. కాగితం కింద తలవెంట్రుక పెట్టేవారు. కళ్లు మూసుకుని అది ఎక్కడుందో వేలికొసతో కనిపెట్టాలి. ఒక కాగితం, తర్వాత రెండు, అలా పది దాకా. ఆ తర్వాత మనుషుల వీపులు.

నాకు వీపులంటే రోత. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా సాధన కోసం పలకరాయి పనివాళ్లు, నడుం నొప్పులవాళ్లు వచ్చి పడుకునేవారు. చెమట, ఆముదం, నొప్పుల మందు, రాతి దుమ్ము అన్నీ కలిసి వేళ్ల కింద జిగురుగా తిరిగేవి. తామర మచ్చలు, చితికిన చెమటకాయలు. ఒకసారి ఒకాయన వీపు మీది చీముగడ్డ నా బొటనవేలి కింద పగిలింది. బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. మేడమ్ తిట్టలేదు.

"అసహ్యపడే చెయ్యి అబద్ధం చెబుతుంది. కడుక్కుని రా," అన్నారు.

మూడో నెలలో పరీక్ష పెట్టారు. కళ్లకు గంతలు కట్టుకుని, ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి, బోర్లా పడుకున్నవాళ్ల వెన్ను తడిమి, తెలిసింది పైకి చెప్పాలి. మాతో చదివే ఖాసిం రాసుకుంటాడు. మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల కప్పు కింద హాలు కాలిపోతోంది. చివరి వంతు నాది, అప్పటిదాకా బయటే కూర్చున్నాను.

మూడు బల్లలు బాగానే అయ్యాయి. నాలుగో బల్ల దగ్గర చెయ్యి ఆనించి వెంటనే లాక్కున్నాను. ఆ వీపు చల్లగా ఉంది. తడిగానూ ఉంది. చెమట తడి కాదు, గంజిలా చిక్కగా ఉంది. చర్మం ఎముకను పట్టుకుని లేదు, నొక్కిన వైపల్లా ఉడికిన టమాటా తోలులా జారుతోంది. ముక్కుకు తియ్యటి వాసన కొట్టింది. మురిగిన పండు వాసనలాంటిది.

మేడమ్ మాట గుర్తొచ్చి మళ్లీ చేతులు పెట్టాను. మెడ కింది నుంచి పూసలు లెక్కపెట్టుకుంటూ దిగాను. పక్కటెముకలు ఆగే చోట పూస దొరకలేదు. వేలు లోపలికి దిగిపోయింది. దాని ఎడమ పక్కన కోడిగుడ్డంత మెత్తటి గడ్డ. నొక్కితే చల్లగా ఏదో వేళ్ల సందుల్లోకి వచ్చింది.

పళ్లు బిగించి అంతా పైకి చెప్పాను. పన్నెండో పూస పుచ్చిపోయింది, ఎడమ పక్కన చీము ఉంది, ఈయన్ని ఆస్పత్రికి పంపండి అన్నాను. గంతలు విప్పాను.

బల్ల మీద ఎవరూ లేరు. రెక్సిన్ పొడిగా ఉంది. నా చేతులూ పొడిగానే ఉన్నాయి.

"ఏందక్కా ఇది?" అన్నాడు ఖాసిం. "నీ చేతులు బల్లకు జానెడు పైన ఆడినాయి, గాల్లో. నేనెందుకు రాసినానో నాకే తెలీదు."

నాలుగో మనిషి రాలేదట. తర్లుపాడు వైపు నుంచి రావలసిన ఓబులేసు అనే ఆయనకు బస్సు తప్పిపోయిందట. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. మేడమ్ ఎండదెబ్బ అన్నారు, మజ్జిగ తెప్పించి తాగించారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులకు ఆ వాసన పోలేదు. రెండు రోజులు అన్నం చెంచాతోనే తిన్నాను.

మర్నాడు ఓబులేసు వచ్చాడు. నలభై దాటిన మనిషి, పలకరాయి కోసే పని. భార్య లక్ష్మమ్మ వెంట వచ్చింది. ఆరు నెలలుగా వెన్ను నొప్పి అన్నాడు. మేడమ్ నన్నే చూడమన్నారు. వీపు వెచ్చగా, పొడిగా ఉంది. పూసలన్నీ వరసగా తగిలాయి. గడ్డ లేదు. మేడమ్ కూడా తడిమి చూసి, పట్టేసిందంతే, సర్దెయ్ అన్నారు.

సర్దడమంటే మోచేతులు బిగించి, ఒంటి బరువంతా ఒక్క క్షణంలో ఒక్క పూస మీద దించడం. చేతులు పెట్టాను. దించలేకపోయాను. కింద మామూలు చర్మమే ఉంది, అయినా నిన్నటి వీపే వేళ్ల కింద జారుతున్నట్టు అనిపించింది.

"ముందు ఎక్స్‌రే తీయిద్దాం మేడమ్."

"నీ చేతికి ఏం తగిలింది?"

"ఏం తగల్లేదు."

"మరింకేంటి? జరుగు," అంటూ మేడమ్ తనే బల్ల దగ్గరికి వచ్చారు.

నేను జరగలేదు. ఆయన వీపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. ఓబులేసు తల తిప్పబోయాడు.

"ఏమైనాదమ్మా?"

"ఏం లేదు మామా, కదలొద్దు."

లక్ష్మమ్మ లేచి వచ్చింది. "ఆ పాప అంత గట్టిగా చెప్తావుంటే తీపిద్దాంలే మేడం. యాడికి పోతాది నొప్పి?"

ఖాసిం నిన్న రాసిన కాగితం తెచ్చి మేడమ్ చేతికిచ్చాడు. ఆమె చదివి, తీయించుకు రండి అన్నారు.

ముందు ఎక్స్‌రే, తర్వాత స్కానింగ్ తీశారు. వెన్నుకు టీబీ. పన్నెండో పూస సగం తినేసింది. ఎడమ పక్కన, లోపల చీము చేరింది. ఆ పూస మీద బరువు దించి ఉంటే కాళ్లు పడిపోయి ఉండేవని డాక్టరు అన్నాడట. ఈ జబ్బులో గడ్డ మిగతా గడ్డల్లా వేడెక్కదు, చల్లగా ఉంటుంది. అది నేను కాలేజీలో చదివిందే. చదివి మరిచిపోయింది ఎండలో పైకి వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మనిషిని చూడకముందే, పేరైనా వినకముందే, ఏ పూసో, ఏ పక్కో ఎలా చెప్పాను?

ఆ రోజు నుంచి ఎక్స్‌రే చూడకుండా మేడమ్ ఎవరినీ నొక్కనివ్వలేదు. నేను శిక్షణ పూర్తి చేసి గిద్దలూరులో క్లినిక్ పెట్టుకున్నాను. మళ్లీ ఎప్పుడూ అలాంటిది జరగలేదు.

ఏడాదిన్నర తర్వాత ఓబులేసు, లక్ష్మమ్మ సంచీ నిండా సీతాఫలాలతో నా క్లినిక్‌కు వచ్చారు. ఆయన నిటారుగా నడుస్తున్నాడు. చూసి నిజంగా సంతోషపడ్డాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకోబోయాడు.

నేను విదిలించుకున్నాను. నా ప్రమేయం లేకుండానే అయిపోయింది. నాలుగో బల్ల మీది చల్లటి తడి గుర్తొచ్చింది.

ఆయన ముఖం చిన్నబోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"రోగం పోయింది తల్లీ," అన్నాడు. "ఇంక అంటుకోదంట. డాక్టరే చెప్పినాడు."

"అయ్యో, అది కాదు మామా," అన్నాను.

మరేమిటో చెప్తానేమోనని ఇద్దరూ నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డారు. నేను సీతాఫలాల సంచీ అందుకుని, కూర్చోమని కుర్చీలు జరిపాను.